యల్లాప్రగడ సుబ్బారావు: ఒకే లాబ్‌లో పుట్టిన రెండు మాత్రలు

ఈ నెల గోడ పత్రికకి అందరూ ఒక్కొక్క మహనీయుల జీవితం రాయాలని మేడమ్ చెప్పగానే కవులనీ సంఘ సంస్కర్తలనీ మనవాళ్ళు పోటీపడి పంచేసుకున్నారు. నేను మాత్రం యల్లాప్రగడ సుబ్బారావుగారిని అడిగి తీసుకున్నాను. తెలుగు డిపార్ట్‌మెంట్ గోడ మీద మందుల మనిషి ఎందుకని ఒకరిద్దరు నవ్వారు. మనకి బళ్ళో వారానికోసారి నీలం రంగు మాత్ర ఇచ్చేవాళ్ళు, గుర్తుందా? దాన్ని మింగామని చెప్పి కిటికీలోంచి పారేసినవాళ్ళు మన క్లాసులోనే ఉన్నారు, పేర్లు రాయను. ఆ మాత్రలో ఇనుముతో పాటు ఉండేది ఫోలిక్ ఆమ్లం. దాన్ని లాబ్‌లో తయారుచేసి చూపించిన బృందానికి పెద్ద ఆయనే. మన చర్మం డాక్టర్లు రోజూ చీటీల మీద రాసే మందుల్లో మూడు రకాలకి మూలం కూడా ఆయన లాబే. ఆ సంగతి తెలిశాక నాకు ఆయన మీద మనసు పడింది.

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. పిల్లలు ఎక్కువ, రాబడి తక్కువ. తండ్రి ఆరోగ్యం దెబ్బతిని ఉద్యోగం ముందే వదులుకోవలసి వచ్చింది. చదువు రాజమండ్రిలో మొదలైంది కానీ సాఫీగా సాగలేదు. పదమూడేళ్ళ వయసులో ఇల్లు వదిలి కాశీకి బయల్దేరాడనీ, అక్కడ యాత్రికులకి అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదిద్దామన్నది ఆలోచన అనీ, దారిలోనే పట్టుకొచ్చారనీ చెబుతారు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. అది కూడా మద్రాసులో, తిరువల్లిక్కేణి హిందూ హైస్కూల్లో. ఒక్క పేపరు పోతేనే ఇంట్లో మొహం చూపించలేకపోయేవాళ్ళం మనం. ఈ మూడో ప్రయత్నం సంగతి అందుకే ముందుగా చెప్పాను.

ఆ తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్. మధ్యలో సన్యాసం వైపు మనసు మళ్ళింది, రామకృష్ణ మఠం వాళ్ళతో స్నేహం కుదిరింది. సేవ చెయ్యాలంటే వైద్యం నేర్చుకోమని అక్కడి పెద్దలే చెప్పారట. మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాడు. ఫీజులకి స్నేహితులు సాయపడ్డారు, కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు ఇంకా ఎక్కువ సాయపడ్డారు. ఆయన కూతురు శేషగిరినే సుబ్బారావుగారు పెళ్ళి చేసుకున్నారు.

ఆ రోజుల్లోనే ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. అన్నదమ్ములు ఇద్దరు కొద్ది రోజుల తేడాలో పోయారు. జబ్బు పేరు స్ప్రూ. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, నోరు పూసిపోతుంది, రక్తం పలచబడి మనిషి ఎండిపోతాడు. సుబ్బారావుగారికి కూడా అదే జబ్బు వచ్చి, ఆయుర్వేదం తెలిసిన డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి వైద్యంతో కోలుకున్నారని అంటారు. ఆ జబ్బుకి మందు వెతకాలన్న పట్టుదల ఆయనకి అప్పుడే పడిందని జీవిత చరిత్రలు రాసినవాళ్ళంతా ఒప్పుకుంటారు. అది నిజమేనని నాకూ అనిపిస్తుంది. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

మెడికల్ కాలేజీలో జరిగిన గొడవ మీకు తెలిసే ఉంటుంది. గాంధీగారి పిలుపు విని ఈయన ఖద్దరుతో కుట్టించిన ఆపరేషన్ గౌను వేసుకుని వార్డులోకి వెళ్ళాడు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్ దొరకి ఒళ్ళు మండింది. రాతపరీక్షలు బాగా రాసినా చేతికొచ్చింది ఎల్.ఎం.ఎస్. మాత్రమే, ఎం.బి.బి.ఎస్. కాదు. ఇప్పుడు ఈ తేడా మనకి చిన్నదిగా కనిపిస్తుంది. ఆ రోజుల్లో అది తలుపు మూసేసినట్టే. మద్రాసు మెడికల్ సర్వీసులో ఉద్యోగానికి ప్రయత్నిస్తే దొరకలేదు. లక్ష్మీపతిగారి ఆయుర్వేద కాలేజీలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పే పనిలో చేరాడు. ఆయుర్వేదాన్ని కొత్త సైన్సు పద్ధతిలో పరీక్షించాలని ఆలోచించాడు కూడా.

అమెరికా వెళ్ళడానికి డబ్బు రెండు చోట్ల నుంచి కుదిరింది. ఒకటి మామగారు పోగుచేసినది. రెండోది కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇస్తానన్న సాయం. నాయకర్ అన్న మాట వినగానే విరుదునగర్, కోవిల్‌పట్టి వైపు ఉన్న మనకి మన ఊరి మనిషేమో అనిపిస్తుంది. కాదు. ఆయన కాకినాడ వైపు నుంచి బర్మా వెళ్ళి వ్యాపారంలో గడించి, ఆస్తి ధర్మానికి రాసిచ్చిన పెద్దమనిషి. ఆ సాయంతో సుబ్బారావుగారు 1922 అక్టోబర్ 26న బోస్టన్‌లో దిగారు.

భార్య ఇక్కడే ఉండిపోయింది. ఆయన వెళ్ళాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. కొన్నేళ్ళలో తిరిగొస్తానని వెళ్ళిన మనిషి మళ్ళీ రాలేదు. ఆమె ఆ దేశానికి వెళ్ళనూ లేదు. ఆయన మీద వచ్చే వ్యాసాల్లో శేషగిరిగారికి ఒక వాక్యం దక్కితే ఎక్కువ. నేనూ ఇంతకన్నా రాయలేకపోతున్నాను, అది నాకు బాగాలేదు. ఇరవై ఆరేళ్ళ ఎదురుచూపుని ఏ లాబ్ కొలుస్తుంది?

హార్వర్డ్‌లో ఉష్ణదేశపు జబ్బుల మీద డిప్లొమా చేశారు. పొట్ట గడవడానికి రాత్రిపూట ఆస్పత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని చేశారు. పగలు సైరస్ ఫిస్కే దగ్గర లాబ్‌లో. రక్తంలోనూ కండలోనూ ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలిచే పద్ధతి ఇద్దరూ కలిసి 1925లో ప్రచురించారు. నీలం రంగు ఎంత చిక్కగా వస్తే ఫాస్ఫరస్ అంత ఉన్నట్టు. బయోకెమిస్ట్రీ చదివే మన సీనియర్ అక్కల ప్రాక్టికల్ పుస్తకంలో ఫిస్కే, సుబ్బారావు పద్ధతి అని ఇప్పటికీ ఉంటుంది, వెళ్ళి చూడండి. ఆ కొలతబద్ద చేతిలో ఉండబట్టే 1927లో కండలోని ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏ.టి.పి. బయటపడ్డాయి. ఒంట్లో ఏ పని జరగాలన్నా ఖర్చయ్యే చిల్లర డబ్బు లాంటిది ఏ.టి.పి. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా దాన్ని విడిగా కనిపెట్టాడు. 1930లో డాక్టరేట్ వచ్చింది. హార్వర్డ్‌లో స్థిరమైన ఉద్యోగం మాత్రం రాలేదు. ఫిస్కే అసూయ వల్ల ఆయన పని కొంత వెలుగులోకి రాలేదని, నోబెల్ బహుమతి అందుకున్న జార్జ్ హిచింగ్స్ చాలా ఏళ్ళ తర్వాత చెప్పాడు.

1940లో న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లే మందుల కంపెనీకి మారారు. కొద్ది కాలానికే పరిశోధనకి అధిపతి అయ్యారు. ఇక్కడ నుంచి ఎనిమిదేళ్ళే ఆయన బతికింది. మనం చెప్పుకునే మందులన్నీ ఆ ఎనిమిదేళ్ళవే.

ముందు ఫోలిక్ ఆమ్లం. దీని కథలో మన దేశం ఉంది. బొంబాయిలో మిల్లుల్లో పనిచేసే గర్భిణులకి ఒక రకం రక్తహీనత వస్తుంటే, లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ 1930 ప్రాంతంలో వాళ్ళకి ఈస్ట్ సారం తినిపించి నయం చేసింది. అందులో ఏ పదార్థం పనిచేస్తోందో అప్పటికి ఎవరికీ తెలియదు. 1941లో అమెరికాలో పాలకూర ఆకుల నుంచి ఒక పదార్థం తీసి, ఆకు అనే అర్థం వచ్చేలా ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. ఆకులోంచి తీస్తే చిటికెడు రాదు, రోగులకి సరిపోదు. దాన్ని విడదీసి, దాని నిర్మాణం తేల్చి, చేత్తో తయారుచేసే పని సుబ్బారావుగారి బృందం 1945 నాటికి పూర్తిచేసింది. వెంటనే టామ్ స్పైస్ అనే డాక్టరు దాన్ని స్ప్రూ రోగులకి ఇస్తే వాళ్ళ రక్తం కోలుకుంది. అన్నదమ్ములని తీసుకుపోయిన జబ్బది. పాతికేళ్ళ తర్వాత మందు దొరికింది.

ఇక్కడే కథ అడ్డం తిరుగుతుంది. ఫోలిక్ ఆమ్లం కణాలు పెరగడానికి కావాలి. కాన్సర్ కణాలకి కూడా కావాలి. బోస్టన్‌లో పిల్లల డాక్టరు సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా పిల్లలకి ఆ రకం మందు ఇచ్చి చూస్తే జబ్బు ఇంకా వేగంగా పెరిగినట్టు అనిపించింది. అయితే దానికి విరుగుడు ఇస్తే? తాళంచెవిలాగే ఉండి తాళంలో దూరి, తిరగకుండా అక్కడే ఇరుక్కుపోయే దొంగ తాళంచెవి కావాలి. లెడర్లే బృందం అలాంటివి వరసగా తయారుచేసింది. వాటిలో అమినాప్టెరిన్‌ని 1947లో ప్రకటించిన కాగితం మీద మొదటి పేరు డోరిస్ సీగర్ అనే స్త్రీది. మన కాలేజీ గోడ మీద ఆ పేరు ఉండాలని రాస్తున్నాను. ఫార్బర్ ఆ మందు 16 మంది పిల్లలకి ఇస్తే 10 మందికి కొంతకాలం జబ్బు తగ్గింది. 1948 జూన్‌లో ఆ సంగతి అచ్చయింది. తగ్గినది మళ్ళీ తిరగబెట్టింది, నిజమే. కానీ ల్యుకేమియా మందుకి లొంగుతుందని లోకానికి అప్పుడే తెలిసింది. అమినాప్టెరిన్ తమ్ముడి పేరు మెథోట్రెక్సేట్. అదీ అక్కడిదే.

కాన్సర్ మందుకీ చర్మానికీ ఏమిటి సంబంధమని నేనూ మొదట అనుకున్నాను. 1951లో గబ్నర్, ఆయన తోటి డాక్టర్లు కీళ్ళవాతం రోగులకి అమినాప్టెరిన్ ఇస్తుంటే, వాళ్ళలో సోరియాసిస్ ఉన్నవారి పొలుసులు రాలిపోయి చర్మం బాగుపడడం చూశారు. వెతికింది ఒకటి, దొరికింది ఇంకొకటి. మామూలుగా చర్మం అడుగున పుట్టిన కణం పైకి వచ్చి రాలిపోవడానికి దాదాపు నెల పడుతుంది. సోరియాసిస్‌లో నాలుగైదు రోజుల్లోనే పైకి తోసుకొచ్చేస్తుంది, అందుకే ఆ తెల్లటి పొలుసులు. మందు ఆ తొందరని ఆపుతుంది. ఒంట్లోని రక్షణ కణాల అతిని కూడా తగ్గిస్తుందని తర్వాత తెలిసింది. 1958 నుంచి అమినాప్టెరిన్ బదులు మెథోట్రెక్సేట్ వాడకం మొదలైంది.

మొదట్లో డాక్టర్లు రోజూ కొంచెం కొంచెం ఇచ్చేవారు. కాలేయం చెడింది. 1971లో వైన్‌స్టీన్, ఫ్రాస్ట్ అనే ఇద్దరు వారానికి ఒక్కసారి, పన్నెండు గంటల తేడాలో మూడు భాగాలుగా ఇచ్చే పద్ధతి చెప్పారు. తర్వాత వారానికి ఒకే మోతాదు కూడా వాడుకలోకి వచ్చింది. ఒకప్పుడు ఈ మందు వాడేవాళ్ళకి కాలేయంలోంచి సూదితో ముక్క తీసి చూడడం తప్పనిసరి అనేవారు, ఇప్పుడు చాలామందికి రక్తపరీక్షలతో సరిపెడుతున్నారు. అంటే 1960లో చర్మం డాక్టరు చదువు ముగించుకున్న మనిషి, తను నేర్చుకున్నదాన్నే పట్టుకుని కూర్చుంటే రోగికి హాని చేసేవాడు. మన దేశంలో డాక్టర్ల నడవడిక మీద 2002లో వచ్చిన నిబంధనల్లో, ప్రతి అయిదేళ్ళకి 30 గంటలు ఇలాంటి పునశ్చరణ క్లాసులకి వెళ్ళాలని ఉంది. అయిదేళ్ళకి 30 గంటలంటే మన ఒక్క వారం క్లాసులు. అది చాలుతుందా అంటే చాలదనే నా అభిప్రాయం.

ఈ మాట ఊరికే అనడం లేదు. తిరుత్తంగల్‌లో మా చిన్నత్తకి మోచేతులకీ మోకాళ్ళకీ తలలోనూ సోరియాసిస్. క్యాలెండర్ల పనికి వెళ్తుంది. అంటుకుంటుందని పక్కన కూర్చునేవాళ్ళు జరిగిపోయేవాళ్ళు, బస్సులో కూడా. అది అంటువ్యాధి కాదు, ఎంత తాకినా రాదు. దయచేసి ఇది చదివినవాళ్ళు నలుగురికి చెప్పండి. రెండేళ్ళ క్రితం ఒక చోట చూపించుకుంటే మెథోట్రెక్సేట్ రాశారు. వారానికి ఒక రోజు వేసుకోమన్నది చీటీలో పొట్టి అక్షరాల్లో ఉంది, నోటితో ఎవరూ చెప్పలేదు, మందుల షాపులో రోజుకొకటి అన్నారు. ఆరో రోజుకి నోరంతా పుండ్లు, గంజి కూడా మింగలేకపోయింది. మా నాన్న వేడి చేసిందనుకుని మజ్జిగ తాగించాడు. ఇంకొక చర్మం డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తే ఆమె నోరు చూసి మొట్టమొదట అడిగింది మాత్రల అట్ట. చూడగానే ఆపించి, ఆస్పత్రిలో చేర్పించి, రక్తపరీక్ష చేయించి, ఫోలినిక్ ఆమ్లం ఇంజెక్షన్లు ఇప్పించింది. ఫోలిక్ ఆమ్లానికి తోబుట్టువు అది. ఇలాంటి పొరపాటు లోకమంతటా జరుగుతూనే ఉంటుందనీ, డాక్టర్ల క్లాసుల్లో తమకి మళ్ళీ మళ్ళీ చెబుతారనీ ఆమె మా అత్తతో అంది. ఆరు రోజులు కాక పదిహేను రోజులైతే ఏమయ్యేదో ఆమె చెప్పలేదు, మేము అడగలేదు.

అత్త ఇప్పుడూ అదే మందు వాడుతోంది. ఆదివారం మెథోట్రెక్సేట్, గురువారం ఫోలిక్ ఆమ్లం. ఒకటి తాళం బిగిస్తే రెండోది ఒంటికి కావలసినంత సడలిస్తుంది. అత్తకి దొరికేవి రెండూ పసుపు రంగు మాత్రలే కాబట్టి ఒకే డబ్బాలో పెట్టనివ్వను. గోడ క్యాలెండర్లో ఆదివారాలకి నేనే ఎర్ర పెన్నుతో సున్నా చుడతాను. ఇంకొక ముఖ్యమైన మాట, మనం ఆడపిల్లలం కాబట్టి: కడుపుతో ఉన్నవాళ్ళు, పిల్లలు కావాలనుకుంటున్నవాళ్ళు ఈ మందు వాడకూడదు, బిడ్డకి ప్రమాదం. పెళ్ళయిందా లేదా అని సిగ్గుపడకుండా డాక్టరుతో ముందే మాట్లాడాలి.

మిగతా మందులు త్వరగా చెబుతాను. బోదకాలు, మన వైపు యానక్కాలు అంటారే, దాని పురుగుల మీద పనిచేసే డైఇథైల్ కార్బమజిన్ 1947లో ఆయన లాబ్ నుంచే వచ్చింది. గవర్నమెంటు వాళ్ళు ఇంటింటికీ తిరిగి మింగించే బోదకాలు మాత్ర అదే. గోదావరి జిల్లాల్లో ఆ జబ్బు చూస్తూ పెరిగిన మనిషి కాబట్టి ఇది ఆయనకి సొంత లెక్క తీర్చుకున్నట్టే ఉండి ఉంటుంది. అదే మందు ఆఫ్రికాలో నదీ అంధత్వం ఉన్నవాళ్ళకి ఇస్తే చర్మం భయంకరంగా దురద పెడుతుందని తర్వాత తెలిసి అక్కడ మానుకున్నారు.

అరియోమైసిన్ 1948లో వచ్చింది. మట్టిలోని సూక్ష్మజీవి నుంచి దాన్ని పట్టుకున్నది బెంజమిన్ డగ్గర్, కాలేజీలో రిటైరైపోయిన వృక్షశాస్త్రం ప్రొఫెసరు. డెబ్భై దాటిన మనిషిని పిలిచి పని అప్పగించిన కంపెనీలో పరిశోధన నడిపింది సుబ్బారావుగారు. బంగారు రంగులో ఉంటుందని ఆ పేరు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అది పెద్దక్క. మొటిమలు ముదిరితే మన హాస్టల్లో సగం మందికి రాసిన డాక్సీసైక్లిన్ ఆ ఇంటి పిల్లే. కుష్ఠు వైద్యంలో వాడే మినోసైక్లిన్ కూడా. 1994లో సూరత్‌లో ప్లేగు భయం పుట్టినప్పుడు జనం మందుల షాపుల మీద పడి కొన్నది టెట్రాసైక్లిన్.

మందు పేరు చెబితే డగ్గర్ గుర్తొస్తాడు, ఫార్బర్ గుర్తొస్తాడు. ఈయన ఫొటో దిగడానికి ముందుకొచ్చే రకం కాదు. పేటెంట్ల మీదా పెద్దగా తన పేరు వేసుకోలేదు. వినయం అని అందరూ మెచ్చుకుంటారు. నాకు మాత్రం కొంచెం కోపం వస్తుంది. పేరు వేసుకుని ఉంటే భీమవరం పిల్లలకే కాదు, తెలుగు ఇంట్లో మాట్లాడి తమిళం బళ్ళో చదివిన నాలాంటివాళ్ళకి కూడా ఇంత ఆలస్యంగా తెలిసేది కాదు.

1948 ఆగస్టులో ఒక రాత్రి నిద్రలోనే గుండె ఆగి పోయారు. వయసు 53. ఫార్బర్ కాగితం అచ్చయి రెండు నెలలే అయింది. అరియోమైసిన్ అప్పుడే బయటకొస్తోంది. తను తయారుచేయించిన మందు సోరియాసిస్‌కి పనికొస్తుందని ఆయనకి తెలియనే తెలియదు. ఆ దేశపు పౌరుడు కాకుండానే అక్కడే మట్టిలో కలిశారు. 1953లో ఒక కొత్త బూజు జాతికి సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు. మన ప్రభుత్వం 1995లో, నూరేళ్ళకి, తపాలా బిళ్ళ వేసింది. ఆ బిళ్ళ బొమ్మ దొరికితే ఈ కాగితం పక్కన అతికించమని గ్రంథాలయంలో అడిగాను, వెతుకుతున్నారు.